మూడు ప్యాకింగులు

"సారు పోయాక దీన్నెవరైనా విప్పారా అమ్మా?" పాతకారు ఇంజను నుంచి పెట్రోలు పంపు ఊడదీస్తూ అడిగాడు మెకానిక్.

"లేదు. ఆయన తప్ప ఎవరూ చెయ్యి పెట్టలేదు." భర్త పోయినప్పటినుంచి ఎవరేం అడిగినా ఆమె ఇలాగే, పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది.

"పంపు కింద ఒక ప్యాకింగు అట్ట చాలు. ఇక్కడ మూడున్నాయి. పంపు అంత ఎత్తున కూర్చుంటే లోపలి మీట పూర్తిగా ఆడదు, ప్రెషర్ రాదు. స్పీడు పెంచితే ఇంజనుకి పెట్రోలు అందదు. అందుకే ఈ నత్తనడక."

నత్తనడక. ఆ మాట ఆమెదే. బండీ అంతే, మనిషీ అంతే అని ఆయన్ని కాపురమంతా దెప్పింది.

"పొరపాటున వేశారేమో."

"కాదమ్మా. ఎంత శ్రద్ధగా కోశారో చూడండి. కావాలనే వేశారు."

నూనె పీల్చిన ఆ అట్టముక్కల్ని ఆమె చేతిలో పెట్టాడు.

పెళ్ళయిన కొత్తలో ఒక మలుపు దగ్గర బండి దూసుకుపోతుంటే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఆ తరవాత బండి ఎన్నడూ పరిగెత్తలేదు.

"రెండు తీసేస్తే గుర్రమే. తీసెయ్యనా?"

ఆమె అలవాటు కొద్దీ పక్కసీటు తలుపు తీసుకుని కూర్చుంది.

"తీసెయ్ బాబూ. ఇప్పుడు నాకు భయం వెయ్యడం లేదు."