కొత్త బ్రేకులు

చెప్పుల దగ్గర మొదలైంది గొడవ.

మహబూబ్బీ ఇల్లు ఊడుస్తూ, మొగుడి చెప్పుల్ని గుమ్మం కుడిపక్క నుంచి ఎడమపక్క స్టాండులోకి మార్చింది. రెండడుగుల దూరం. దానికే దిలావర్ ఇంతెత్తున లేచాడు. పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండదా ఈ ఇంట్లో అన్నాడు.

"కండ్ల ముందరే ఉండాయి కదయ్యా. తీసుకోని తొడుక్కోరాదా?"

ఆయన వట్టి కాళ్లతో, మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న సిమెంటు మీద నడుచుకుంటూ పికప్ దగ్గరికి వెళ్లిపోయాడు.

జెద్దాలోని ఆ అద్దె ఇంటి ప్రహరీ లోపల మూడు నెలలుగా ఉంది ఆ పికప్. ఎనభై నాలుగు మోడల్ డాట్సన్. ఇంటి ఓనరు, ముసలి సౌదీ, దాన్ని ఖర్జూరం తోటలో వదిలేస్తే పదేళ్లు మేకలకు నీడయింది. బాగుచేసుకుంటే వాడుకోమన్నాడు. కాగితాలు మాత్రం తన పేరునే ఉంటాయన్నాడు.

దిలావర్‌కు అది మంచి సమయంలోనే దొరికింది. ఇరవై రెండేళ్లు స్టీరింగ్ పట్టిన మనిషిని కంపెనీ వాళ్లు ఉన్నట్టుండి గోడౌన్‌లో స్టూలు మీద కూర్చోబెట్టారు. కొత్త డ్రైవర్లు చవగ్గా వచ్చారని ఇంట్లో చెప్పాడు. పికప్ వచ్చాకే మళ్లీ నవ్వాడు.

అన్నీ తష్లీహ్ నుంచే తెచ్చాడు. అది ఊరి బయట పాత బళ్లు విప్పి అమ్మే చోటు. ఒక బండి తలుపు, ఇంకో బండి బంపరు. సీటుకు రెగ్జిన్ మహబూబ్బీయే కుట్టింది. ఎండ చల్లబడ్డాక పని చేసుకోమంటే దిలావర్ వినడు. నిండు వెలుతురు కావాలంటాడు. చేతులకు గ్రీజుందని, సామాన్ల మీది నంబర్లన్నీ పదిహేనేళ్ల కూతురు తమన్నా చేత చదివిస్తాడు. పక్కవీధి మెకానిక్ ముస్తాక్, వీళ్లలాగే రాయచోటివాడు, అప్పుడప్పుడూ వచ్చి సాయం చేసేవాడు.

"నాకు కనపడని సొట్ట అన్న చేతికి తగుల్తాది వదినా. నేను గ్యారేజీ మూసుకోవాల్సిందే," అని నవ్వేవాడు.

బండి తయారయ్యాక పెళ్లాన్నీ కూతుర్నీ తాయిఫ్ కొండ ఎక్కిస్తానని దిలావర్ మొదటిరోజే మాటిచ్చాడు. తమన్నా ఆ రోజు నుంచే మేఘాలు చూస్తానని ఎగురుతోంది.

ఎగరనిది మహబూబ్బీ ఒక్కతే. తాయిఫ్ దారంతా మలుపులు, ఒకపక్క లోయ. ఆమె పుట్టిల్లు గువ్వలచెరువు ఘాటుకు దగ్గర. ఆమెకు పదేళ్లప్పుడు చిన్నాయన లారీకి ఆ ఘాటు దిగేటప్పుడు బ్రేకులు పోయాయి. ఆయన్ను టార్పాలిన్‌లో చుట్టి తెచ్చారు. ముఖం చూడనివ్వలేదు.

అందుకే ఆమె ఒకటే అడిగింది. ఏదైనా పాతది వెయ్యి, బ్రేకులు మాత్రం కొత్తవి వెయ్యమంది. దిలావర్ తలూపాడు. వేసింది మాత్రం తష్లీహ్ బ్రేకులే.

ఇంజను మొదటిసారి పలికిన రోజు బండిని గేటు దాకా తీశాడు. తమన్నా గేటు తెరుస్తోంది. బండి నెమ్మదిగానే వెళ్లింది, కానీ ఆగలేదు. మహబూబ్బీ కేక విని పిల్ల పక్కకు దూకింది. బండి గేటు స్తంభానికి గుద్దుకుంది. హెడ్‌లైటు పగిలిపోయింది.

దిలావర్ దిగి, బానెట్ మీద నుంచి పగిలిన లైటు దాకా చేత్తో తడిమాడు.

"బ్రేకు పట్టలేదు," అన్నాడు.

ముస్తాక్ వచ్చి గంటసేపు బండి కింద పడుకున్నాడు. లేచి, దిలావర్ లోపలికి వెళ్లాక, గొంతు తగ్గించి చెప్పాడు.

"బ్రేకులో నాకేం తప్పు కనపడలా వదినా."

మగవాళ్లు ఒకరినొకరు వెనకేసుకొస్తారనుకుంది మహబూబ్బీ. ఆ రాత్రి చిన్నాయన కలలోకి వచ్చాడు. టార్పాలిన్ విప్పితే లోపల తమన్నా ఉంది.

మర్నాటి నుంచి ఆమె పట్టు పట్టింది. కుట్టుపని మీద దాచుకున్నదంతా బయటికి తీసింది. నాలుగు చక్రాలకూ కొత్త బ్రేకులు, కొత్త గొట్టాలు, హ్యాండ్‌బ్రేకు తీగతో సహా అన్నీ ముస్తాక్ చేత వేయించింది. పెట్టెల సీళ్లు తన ఎదుటే విప్పించింది. సీటుకు మూడు బెల్టులు బిగించి, ఒక్కొక్కటీ తానే గుంజి చూసింది. వీధిలో ముస్తాక్ చేత ఇరవైసార్లు బ్రేకు తొక్కించి, బండి ఆగినచోటల్లా సుద్దతో గీత గీసింది.

ఫహస్ కేంద్రంలో బండి పరీక్షకు కూడా ముస్తాకే తీసుకెళ్లాడు. తాను చేసినదాన్ని తానే తీసుకెళ్తే ఏం బాగుంటుంది, ఇంకొకడి చేతిలో తేలాలి అన్నాడు దిలావర్.

శుక్రవారం జుమా నమాజు తర్వాత నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కింద భోజనాల సుఫ్రా, తెల్లటి ప్లాస్టిక్‌ది, పరిచి ఉంది. కిటికీలోంచి ఎండ ధారగా పడుతోంది. బండి పాసైందని, ఆ బ్రేకులు చూసి అక్కడివాళ్లు కొత్త బండికి కూడా ఇలా ఉండవన్నారని ముస్తాక్ చెప్పాడు.

అందరూ మహబూబ్బీ మాట కోసం చూస్తున్నారు.

ఆమె తమన్నాకు అన్నం వడ్డించింది. ముస్తాక్‌కు ఇంకో ముక్క వేసింది. మూడు నెలలుగా గుండెల్లో ఉన్న బరువు ఏదో దిగినట్టనిపించింది.

"వచ్చే శుక్రవారం తాయిఫ్ పోదాం," అంది. "ముగ్గురం. మీ నాయనే తోల్తాడు."

తమన్నా ఎంగిలి చేత్తోనే పక్కింటి స్నేహితురాలికి చెప్పడానికి పరుగెత్తింది. ముస్తాక్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. మహబూబ్బీ పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

సుఫ్రా ముందు ఒక్కడే మిగిలిన దిలావర్ చిరునవ్వుతో జగ్గు అందుకుని, గ్లాసుకు బెత్తెడు ఇవతల ఒట్టి సుఫ్రా మీదికి నీళ్లు వంచుతూ, నిండిన చప్పుడు కోసం చెవి ఒగ్గి వింటున్నాడు.