చెమ్మ మరక మీద ఏనుగులు

“ఆ కర్టెన్లు విప్పెయ్యండి అత్తయ్యా, ఇంకాసేపట్లో వచ్చేస్తారు,” అంది కోడలు, కుర్చీ ఎక్కి దీపం మీది బుట్ట తీస్తూ.

“నిన్నగాక మొన్న తగిలించావు, ఇవాళ విప్పమంటావు. ఇదేం సరదానే తల్లీ,” అంటూనే అత్తగారు కర్టెన్లు లాగి, ఉండ చుట్టి, మంచం కిందకి తోసింది.

సరదా కాదని ఆవిడకీ తెలుసు. ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొన్నవాళ్ళు వచ్చి దిగితే వీళ్ళు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఈ అద్దెకి ఇంకో ఇల్లు కలలో కూడా దొరకదు. పోయిన వారం చూడ్డానికి వచ్చినవాళ్ళు కోడలి అలంకారమంతా చూసి, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయారు. వాళ్ళకి ఇంకెక్కడో కుదరబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి వీధిన పడేవాళ్ళు. అందుకే కోడలు ఇవాళ పనిగట్టుకుని ఇంటి కళ తీసేస్తోంది.

కోడలు పనిచేసే టైలరు షాపులో మిగిలిన ముక్కలు అతికి కుట్టిన కర్టెన్లు, వెదురుబుట్ట బోర్లించి చేసిన దీపం, సీసాల్లో పెంచిన తీగలు, అన్నీ మంచం కిందకి చేరాయి. మిగిలినవి గోడ మీది ఏనుగులు. ముందు గది గోడకి చెమ్మ కొట్టి ఇంత మరక పడితే, కోడలు దాని చుట్టూ గీతలు కలిపి, చెవులూ తొండాలూ పెట్టి, ఒక తల్లి ఏనుగునీ దాని తోక పట్టుకున్న పిల్ల ఏనుగునీ చేసింది. గోడని మంచం కిందకి తొయ్యలేరుగా. దానికి అడ్డంగా తాడు కట్టి తడి దుప్పటి ఆరేశారు.

“వచ్చినావిడ ముందు ఉన్నవీ లేనివీ చెప్పి ఇంటిని తిట్టండి అత్తయ్యా. మీకు చేతకానిదా,” అంది కోడలు.

“ఎత్తిపొడుపా?”

“కాదండీ. దిగిన రోజు నుంచీ మీరు అంటున్నవే, ఇవాళ వాళ్ళ ముందు అనమంటున్నా.”

అదీ నిజమే. కర్టెన్లు చూసి చింకిపాతలంది ఆవిడే. ఏనుగుల్ని చూసి, అద్దె గోడకి ఇంత సేవ ఎందుకే అని మూతి తిప్పిందీ ఆవిడే.

బ్రోకరు వెంట ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన నర్సట. మనిషి బక్కగా ఉంది గానీ చూపు మాత్రం సూదిలా గుచ్చుతోంది.

“నీళ్ళు వస్తాయా?” అంది.

“రాకేం, వస్తాయి. అవి వచ్చినప్పుడు మనం ఇంట్లో ఉండాలి, అంతే,” అంది అత్తగారు.

“గాలీ?”

“గాలి రాదు గానీ పైవాళ్ళ చప్పుళ్ళన్నీ వస్తాయండీ. వాళ్ళు కుర్చీ జరిపితే మన నెత్తి మీద జరిపినట్టే.”

బ్రోకరు దగ్గాడు. “పెద్దావిడ కదండీ, ఏదో సరదాకి అంటున్నారు.”

“సరదా ఏముంది బాబూ. ఒక్కరోజు నువ్వు కాపురం పెట్టి చూడు.”

కోడలు వంటింటి గుమ్మంలో నవ్వు ఆపుకుంటోంది. అత్తగారికి హుషారొచ్చింది. లేని బొద్దింకల్ని పుట్టించింది, మెట్లని నిట్టనిలువు చేసింది, ఎదురింటాయన గురకని తెచ్చి ఈ ఇంట్లో పెట్టింది. బ్రోకరు మొహం వాడిపోయింది. ఇంకో రెండు మాటలు పడితే వచ్చినావిడ వచ్చిన దారినే పోయేట్టుంది.

అంతలో ఆ నర్సమ్మ తడి దుప్పటి పక్కకి లాగింది.

“ఇదేంటి, గోడంతా ఖరాబు చేశారు? పనీపాటా లేనివాళ్ళెవరో గీసినట్టుంది. ముందు దీని మీద సున్నం కొట్టించాలి.”

అత్తగారి నోరు టక్కున ఆగింది. ఆగి, ఇంకో దారి పట్టింది.

“ఎవరికమ్మా పనీపాటా లేనిది? మా కోడలికా?”

“అత్తయ్యా,” అంది కోడలు మెల్లిగా.

“నువ్వుండవే. పగలంతా మిషను తొక్కి, వచ్చి వండి వార్చి, ఆ పైన స్టూలెక్కి మెడ పట్టేసేదాకా గీసింది నా కోడలు. ఆ తల్లి ఏనుగు కన్ను చూడు. నువ్వు ఇటు నడిస్తే ఇటు చూస్తుంది, అటు నడిస్తే అటు చూస్తుంది. సున్నం కొట్టిస్తుందట, సున్నం.”

కోడలు చెయ్యి పట్టి లాగింది, కళ్ళతో బతిమాలింది. వింటేనా. అత్తగారు నడుం నొప్పి సంగతే మరిచిపోయి మంచం కిందకి వంగింది. కర్టెన్ల ఉండ బయటికి లాగి, ఒకటి కిటికీకి తగిలించేసింది.

“ఇదుగో, పొద్దున ఎండ పడిందంటే ఇల్లంతా రంగులే. గాలి రాదన్నానా? అబద్ధం. కర్టెను ఎలా ఎగురుతోందో నువ్వే చూడు. ఒక్క బొద్దింకని చూపించు, నేను పేరు మార్చుకుంటాను. నీళ్ళకేం, నిక్షేపంలా వస్తాయి. ఇంత చక్కటి ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉందేమో వెతుక్కో.”

నర్సమ్మ ఏనుగుల ముందు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచి చూసింది. తర్వాత బ్రోకరు వైపు తిరిగింది.

“ఓనరుకి చెప్పు. కొంటున్నాను.”

కోడలు గోడకి జారబడి అలాగే చతికిలబడింది. అత్తగారి చేతిలోని రెండో కర్టెను కిందపడింది.

“నా నోరు పడిపోను,” అని గొణిగింది. “దగ్గరుండి నేనే ఇల్లు అమ్మిపెట్టానే.”

“చింకిపాతలన్నారుగా,” అంది కోడలు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

“నేనంటే అంటాను. ఎవరో వచ్చి అంటే పడతానా?”

అని, ఉన్న గొంతంతా తగ్గించుకుని, గుమ్మం దాకా వెళ్ళింది అత్తగారు. “కోపంలో ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకండమ్మా. ఎప్పటికి ఖాళీ చెయ్యాలో చెప్పండి. ఇంకో గూడు చూసుకునేదాకా కాస్త గడువివ్వండి.”

చెప్పులు తొడుక్కుంటున్న నర్సమ్మ తలెత్తింది.

“నాకుండడానికి ఇల్లుందమ్మా, ఇది అద్దెకివ్వడానికే కొంటున్నా, ఇందాకట్నుంచీ నేను చూస్తున్నది ఇంటిని కాదు, ఇందులో ఉండేవాళ్ళని.”