బదులు మనిషి

మూడుసార్లు తీసినా ఆ దృశ్యం కుదరలేదు.

పారిస్‌లోని బెల్‌విల్ వీధిలో నిద్రపోతున్న పోలీసు కాళ్ల మీదుగా రొట్టెల బండి వెళ్లాలి. కాళ్లు తెగి పక్కన పడాలి. తర్వాత చెప్పులు కుట్టేవాడు వచ్చి వాటిని కుట్టి అతికిస్తే, పోలీసు లేచి నాట్యం చెయ్యాలి.

కిటుకు చిన్నదే. బండి దగ్గరికి రాగానే కెమెరా ఆపుతారు. అందరూ ఉన్నచోటే శిలల్లా నిలబడాలి. పోలీసు వేషం వేసిన నటుడు బాస్తియన్ లేచి వెళ్తే, అవే బట్టలు తొడిగిన కాళ్లులేని మనిషిని అక్కడ పడుకోబెట్టి, మైనపు కాళ్లు చేర్చి, మళ్లీ కెమెరా తిప్పుతారు.

ఆ మనిషి పేరు అన్సెల్మ్. చక్రాల పలక మీద కూర్చుని మెట్రో మెట్ల దగ్గర బూటు లేసులు అమ్ముకుంటుంటే దర్శకుడు ఫిర్మన్ పిలుచుకొచ్చాడు.

ఫిబ్రవరి చలి. ఒకసారి గుర్రం కదిలింది, ఒకసారి కిటికీలో ముసలమ్మ, ఒకసారి బాస్తియనే. తడి రాళ్ల మీద నాలుగు గంటలు పడున్న అన్సెల్మ్ మాత్రం వేలు కూడా కదపలేదు.

నాలుగోసారికి కుదిరింది.

ఇక నాట్యం. బాస్తియన్ రెండు గెంతులు గెంతి పరుగెత్తాడు. ఫిర్మన్ చాలన్నాడు.

అన్సెల్మ్ దగ్గు ఆపుకుంటూ అన్నాడు: "అయ్యా, ఏమీ అనుకోకండి. పోయిన కాళ్లు తిరిగొచ్చినవాడు అలా గెంతడు. ముందు ఒక్క పాదం నేలకి ఆనించి చూసుకుంటాడు. భయపడతాడు. నమ్మకం కుదిరాకే నాట్యం."

"నాట్యం సంగతి నువ్వు చెప్పాలా తాతా?" అన్నాడు బాస్తియన్. "ముందు నీ చక్రాలకి కాస్త నూనె పెట్టుకో, చెవులు చిల్లులు పడుతున్నాయి."

అందరూ నవ్వారు, ఫిర్మన్ కూడా. అన్సెల్మ్ చేతులతో నేలని తోసుకుంటూ వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా బొమ్మ ఆడింది. కాళ్లు తెగినప్పుడు జనం విరగబడి నవ్వారు. చివర్లో పోలీసు గెంతుతుంటే టోపీలు పెట్టుకుని లేచిపోయారు. మూడు రోజులు వెనకవరసలో నిలబడి ఇదే చూశాక ఫిర్మన్‌కి అన్సెల్మ్ మాటలు గుర్తొచ్చాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్క మళ్లీ తీయాలనుకున్నాడు.

మెట్రో దగ్గర పూలమ్మే ఆమె చెప్పింది: ఆ రోజు పట్టుకున్న దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందట. నిన్న ఆసుపత్రిలో పోయాడట. ఇప్పుడే శ్మశానానికి తీసుకెళ్లారట.

ఫిర్మన్ పరుగున వెళ్లాడు. దిక్కులేనివాళ్లని పూడ్చేచోట ఎవరూ ఉండరనుకున్నాడు. నల్లటి ముసుగుల్లో ఆరుగురు ఆడవాళ్లున్నారు. పెద్దావిడ పిడికెడు మట్టి వేసి ఇటు తిరిగింది. పారిస్‌లో గోడగోడకీ అంటించిన పోస్టర్లలోని ముఖం అది.

ఈయన మీకు తెలుసా అని అడిగాడు ఫిర్మన్.

"పదకొండేళ్లుగా వెతుకుతున్నాం బాబూ. రైలు ప్రమాదం తర్వాత ఎవరికీ కనబడకుండా వెళ్లిపోయారు. పోయేముందు నర్సుకి మా పేర్లు చెప్పారట."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఈ ఊరి ఒపెరా నాట్యశాలలో ఇవాళ నాట్యం చేస్తున్నవాళ్లలో ఆయన శిష్యులు కానివాళ్లు లేరు."