ఉన్నది ఉన్నచోటే

"తీయవే అమ్మాయ్, వెలుతురు పోతోంది," అన్నాడు పురావస్తు తవ్వకాలకి పెద్దయిన మామయ్య, గోతిలో మోకాళ్ల మీద కూర్చుని.

మేనకోడలు కెమెరా ఎత్తలేదు. పొద్దున మట్టి ఊడ్చినప్పుడు ఒక ఆడమనిషి అస్థిపంజరం బయటపడింది. పసిబిడ్డది ఆమె పాదాలకి అవతలెక్కడో దొరికింది. ఇప్పుడు మామయ్య ఆ చిన్న ఎముకల్ని ఒక్కొక్కటే తెచ్చి ఆమె చేతుల మధ్య పేరుస్తున్నాడు.

"ఫొటో కింద ఏమని రాస్తారు?"

"ఎప్పుడూ రాసేదే. ఇన్ సిటు."

ఆ లాటిన్ మాట మేనకోడలికి నేర్పింది ఆయనే. ఉన్నది ఉన్నచోటే, వేలు కూడా తగలకుండా అని అర్థం. డాక్టర్లకైనా, రాళ్లని చదివేవాళ్లకైనా, మనకైనా అదే ఒట్టు అనేవాడు.

"ఆ బిడ్డకి ఈవిడ తల్లని మీకెవరు చెప్పారు?"

"చూసేవాళ్ల కళ్లు చెమ్మగిల్లాలా వద్దా? ఎముకలు ఎముకల్లా పడుంటే ఎవడు చూస్తాడే!"

ఆమెకి మామయ్య పుస్తకం అట్ట గుర్తొచ్చింది. చెయ్యీ చెయ్యీ పట్టుకుని పడుకున్న రెండు అస్థిపంజరాలు. చిన్నప్పుడు ఆ ఫొటో చూడబట్టే ఆమె ఈ పనిలోకి వచ్చింది.

"మామయ్యా, ఆ జంటని కూడా..."

ఆయన తలెత్తలేదు. "బెత్తెడే జరిపాను."

ఆమె కెమెరా ఎత్తింది. బిడ్డ పుర్రె ఇంకా మామయ్య చేతుల్లోనే ఉంది.

"ఆగు, నన్ను పక్కకి జరగనీ."

"వద్దు. ఉన్నచోటే ఉండండి," అని నొక్కింది.