ఏడో అంతస్తులో నిండు గ్లాసు

"ఆపండి! అన్నీ ఆపెయ్యండి!"

మేస్త్రీ గుస్తావ్ గొంతు చించుకున్నాడు. పది అచ్చు యంత్రాల హోరులో ఎవరికి వినపడుతుంది? చేతిగంట మోగించాడు. అదీ అంతే. చివరికి దగ్గరి యంత్రం తిప్పుతున్న ఎమిల్ వీపుమీద ఒక్కటి చరిచి, మీట చూపించాడు.

"పదిన్నరకే ఆపడమేంటి మేస్త్రీ?"

"నగరం ఇన్‌స్పెక్టరు మెట్లెక్కుతున్నాడ్రా! ఇవి తిరుగుతుంటే నేల వణకడం చూశాడంటే, యంత్రాల్ని కిందికి దింపమంటాడు. కింద పట్టేవి నాలుగు. మిగతా ఆరింటితోపాటు మనమూ వీధిలోనే."

ఒక్కొక్కటే ఆగాయి. పన్నెండంతస్తుల అచ్చాఫీసేమిటని షికాగో అంతా ముక్కున వేలేసుకున్న భవనం అది. భోజనాల వేళ కూడా వంతులేసుకుని యంత్రాలు తిప్పే ఆ చోట, పట్టపగలు చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

ఇన్‌స్పెక్టరు హారిగన్ రొప్పుతూ వచ్చాడు. లిఫ్టును నమ్మడట.

"ఆగాయేం?"

"భోజనాల వేళండీ."

"ఇప్పుడా?"

"మావాళ్ల కడుపులకి గడియారం తెలీదండీ."

హారిగన్ నవ్వలేదు. అంచుదాకా నీళ్లు నింపిన గ్లాసును నేలమీద పెట్టించాడు. "ఆగినా తిరిగినా బరువు బరువే. ఇంత ఇనుముకి నేల కుంగుతుంటే ఇదే చెబుతుంది."

ఒక నిమిషం. రెండు. నీళ్లు కదల్లేదు. సంతకం పెట్టి వెళ్లరాదూ మహానుభావా, అని గుస్తావ్ లోలోపలే మొక్కుకున్నాడు.

"గట్టి కట్టడమేనయ్యా. ఊరికే అనుమానపడ్డాను." హారిగన్ కాగితం మడత విప్పి కలం తీశాడు.

గ్లాసులో నీళ్లు వణికాయి. పైన ఏదో కూలుతున్నట్టు దడదడ. పన్నెండో అంతస్తులో అక్షరాలు కూర్చే అరవైమందీ మెట్లమీదనుంచి, కిందికి దారి ఉన్న ఆ గదిలోకి విరుచుకుపడ్డారు. గ్లాసు ఎవరి బూటు కిందో పగిలింది. నేల ఊగిపోయింది.

"అమ్మో, కూలుతోంది!" హారిగన్ కాగితం వదిలేసి అందరికంటే ముందు మెట్లవైపు ఉరికాడు.

పైనుంచి వచ్చినవాళ్లలో ముసలి ప్రోకోప్ కాలరు గుస్తావ్ దొరకబుచ్చుకున్నాడు. "మీకేమైనా పిచ్చెక్కిందా? మా కొంప ముంచారు కదయ్యా! ఎందుకీ పరుగు?"

"ఇంకా నిలబడ్డావేంరా, పద!" ప్రోకోప్ అతని చెయ్యి పట్టి లాగాడు. "నిప్పంటుకుంటే ఈ హోరులో గంట వినపడదు, అందుకే యంత్రాలన్నీ ఆపేస్తాను, చప్పుడు ఆగగానే పరుగెత్తండని పోయిన నెల బల్లెక్కి చెప్పింది నువ్వు కాదూ!"