మూడో అధ్యాయం

మద్రాసు పురసవాక్కంలోని క్రైస్తవ పుస్తకాల దుకాణంలో దయామణి ఆదికాండానికి వ్యాఖ్యానం అడిగింది. దుకాణం ఆయన పల్చటి పుస్తకమొకటి చేతిలో పెట్టాడు.

"లేడీసుకు ఇది సులువుగా ఉంటుంది మేడమ్."

ఆమె దాన్ని బల్ల మీదికి విసిరేసింది. "సులువుగా ఉండేది ఎవురడిగినారు? హీబ్రూ మాటమాటకీ అర్థం చెప్పేది ఈడ ఉండాదా, లేదా?"

ఆయన బిత్తరపోయి పై అరలోంచి లావుపాటి సంపుటం దించాడు. ఆమె నిలబడే మూడో అధ్యాయం తీసి, కాన్పు నొప్పుల వచనం దగ్గర వేలు పెట్టింది. దేవుడు పామును శపించాడు, నేలను శపించాడు. తొలి స్త్రీ హవ్వకు వేదన కలుగుతుందన్నాడే గాని, ఆమెను శపించినట్టు మూలంలో లేదని పండితుడు రాశాడు.

ఆ మాటను ఆమె రెండుసార్లు చదివింది.

"దీన్నే కట్టియ్యండి."

"బైబిల్ క్లాసు చెప్తారా మేడమ్?"

"లేదు. మా ఆయన పాస్టరు. పోయిన నెల మా కూతురు కాన్పులో చచ్చిపోయింది. దాని పెట్టె ముందర నిలబడి, ఇది హవ్వకిచ్చిన శాపమని ప్రసంగం చేసినాడు. ఈ ఆదివారం అదే జనం ముందర, ఈ పేజీ ఆయన నోటితోనే చదివిస్తా."