లైట్లు కొట్టుకుంటే వచ్చే మనిషి

కారు హెడ్‌లైట్లు మళ్ళీ కొట్టుకున్నాయి.

వెంకటయ్య స్టీరింగ్ మీద గుద్దాడు. తాండూరులో కొత్త బల్బులు వేయించి వచ్చాడు. అయినా అదే వరస. వెలుగుతాయి, ఆరుతాయి, వెలుగుతాయి.

రాత్రి డ్యూటీల వారం వస్తోంది. కరణ్‌కోట సిమెంటు క్వారీ దాకా లారీల మధ్య ఈ గుడ్డి బండితో పోలేడు.

పొద్దు గుంకుతోంది. గేటు అవతల రోడ్డు. రోడ్డు అవతల పొరుగు రైతు బాల్‌రాజ్ కంది కోసిన చేను. ఎరువు కోసం అందులో గొర్రెల మందను నిలిపారు.

ఆ చేనులోంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. గేటు పట్టుకుని రొప్పుతూ కారులోకి తొంగిచూశాడు.

"ఏమైంది పటేలా?"

"ఏమైతది? నిన్నెవరు పిలిచిన్రు?"

"లైట్లు కొట్టుకుంటుంటే..."

"వైరు లూజైంది. కారు నాది, లైట్లు నావి. నీకేం నొప్పి?"

"ఇంట్ల అంత మంచిదేనా?"

"నా ఇంటి సంగతి నీకెందుకు? పో, గొర్లను చూస్కో."

ఆ మనిషి పోయాడు.

వెంకటయ్యకు మనుషులు గిట్టరు. నిరుటి నుంచి మరీ.

నిరుడు ఇవే రోజుల్లో, ఒక సాయంత్రం, అతని భార్య రాధమ్మకు గుండెనొప్పి వచ్చింది. పగటి డ్యూటీకి బస్సులో పోయిన అతను క్వారీ లోపల ఉన్నాడు. ఫోను క్వారీ గేటు దగ్గరే పెట్టించుకున్నారు. బషీరాబాద్‌కు దూరంగా, విసిరేసినట్టున్న ఇల్లు.

అతను వచ్చేసరికి ఇంటి ముందు తలుపు తెరిచిన కారు, దిగిపోయిన బ్యాటరీ. హారన్ కూడా పనిచేయని కారు. డ్రైవింగ్ రాని రాధమ్మ అందులో ఎందుకు కూర్చుందో అతనికి అర్థం కాలేదు.

ఆమె తాండూరు ఆసుపత్రిలో ఉంది. అప్పటికే ప్రాణం లేదు.

"ఎవరో తెచ్చి పడుకోబెట్టి పోయిన్రు" అన్నారు అక్కడివాళ్ళు.

దారిలో ఆమె ఏమన్నది? నీళ్ళడిగిందా? తన పేరు పలికిందా? అతనికి కావలసింది అంతే. ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. తెలియదన్నారు అందరూ.

సామాను దించినట్టు దించి పోయిన ఆ మనిషిని అతను క్షమించలేదు. ఊరిని కూడా క్షమించలేదు. పలకరింపులు మానేశాడు.

మర్నాడు సాయంత్రం బ్యాటరీ టెర్మినళ్ళు శుభ్రం చేసి బిగించాడు. స్విచ్ వేశాడు. లైట్లు మళ్ళీ కొట్టుకున్నాయి.

గొర్రెలాయన మళ్ళీ ఉరికి వచ్చాడు.

"మళ్ల వచ్చినవా? నీకు పని లేదా?"

"గొర్లకాడ బీరమ్మ ఉన్నది."

"బీరమ్మ ఎవరు?"

"నా పెండ్లాం. మస్తు తిట్టింది పటేలా. లైటు చూస్తే ఉరుకుతవు, నువ్వు మనిషివా దీపపు పురుగువా అన్నది."

వెంకటయ్యకు నవ్వు వచ్చినంత పనైంది. ఆపుకున్నాడు. ఏడాదిగా తనను తిట్టినవాళ్ళు లేరు.

"వచ్చినవు గదా, లోపల కూసో. నేను వైర్లు కదిలిస్త. లైటు ఎప్పుడు కొట్టుకుంటదో చెప్పు."

ఆ మనిషి చెప్పులు బయట విడిచి, ఒదిగి కూర్చున్నాడు. వెంకటయ్య బానెట్ ఎత్తి ఒక్కో వైరూ కదిలించాడు.

"ఇప్పుడు?"

"ఊహూఁ."

"ఇప్పుడు?"

"ఆఁ! కొట్టుకున్నది పటేలా, కొట్టుకున్నది!"

ఎర్త్ వైరు. బాడీకి బిగించిన చోట తుప్పు, తుప్పు మీద సిమెంటు దుమ్ము. బోల్టు విప్పి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్దాడు. పానాతో గట్టిగా బిగించాడు.

లైట్లు కదలకుండా వెలిగాయి.

ఆ మనిషి కారు దిగాడు. దిగి కూడా సీటు మీద చెయ్యి తీయలేదు.

"పటేలా, ఒక్క మాట అడుగుదునా..."

"ఏం అడగకు. లైట్లు ఇగ కొట్టుకోవు. నువ్వు ఉరికి రావుడు బంద్ చెయ్యి."

"గట్లనే పటేలా."

మరుసటి సాయంత్రం వెంకటయ్య లైట్లు వేసి చూశాడు. వెలుగు రోడ్డు దాటి, కంది మోళ్ళ మీదుగా చేను చివరిదాకా పోయింది.

చేనులో మంద లేదు.

పని లేకపోయినా గేటు దగ్గర నిలబడ్డాడు. బాల్‌రాజ్ బండి మీద పోతుంటే పిలిచాడు.

"బాల్‌రాజ్, మంద ఏది?"

బాల్‌రాజ్ బండి ఆపి విచిత్రంగా చూశాడు. "నాతోని మాట్లాడుతున్నవా అన్నా! పొద్దుగాలే కర్ణాటక దిక్కు తోలుకపోయిన్రు. ఇగ ఏ చేన్ల నిలుస్తరో వాళ్లకే ఎరుక లేదు."

"ఫోను గిట్ల ఉంటదా ఆయనకు?"

"దేవప్పకా? గొర్ల మెడల గంటలే ఆయనకు ఫోను. ఏం పని వడ్డది?"

"ఏం లేదు. పిచ్చోడు. లైటు కొట్టుకుంటే సాలు, ఉరికొస్తడు."

బాల్‌రాజ్ నవ్వలేదు. బండి దిగి స్టాండ్ వేశాడు.

"పిచ్చి గాదన్నా. నిరుడు గూడ వాళ్ల మంద ఈ చేన్లనే నిలిచి, తెల్లారే ఎల్లిపోయింది. నాకూ పొద్దుగాలే ఎరుకైంది. నిన్ను అడగబోతే కసిరినవట, పోతపోత నన్ను అడిగిండు."

"ఏమని?"

"'నిరుడు గా కార్ల కూసోని లైట్లు కొట్టి నన్ను పిలిచి, తాండూరు దవాఖాన దాంక ఆటోల నా చెయ్యి పట్టుకొని మాట్లాడుకుంట వచ్చిన అమ్మకు నయమైందా?' అని."